దారి చూపువాని ధర్మము



ఓడలకు దీపస్తంభ మెట్టిదో, పట్టణమునకు వచ్చిన క్రొత్తవారికి దారి చూపువా డట్టివాడు. మా భాగ్యనగరమునకు సముద్రము లేదు. నాంపల్లి రైలుస్టేషను కలదు. 1907వ సంవత్సరమున వెలసిన యా స్టేషనులో దిగు గ్రామవాసులకు, ఆదివారములందు, కూలి గొనక నేను పాత కట్టడములను జూపుచుందును. 1913లో పూర్తియైన టౌనుహాలును, 1930లో నెలకొన్న పురావస్తు ప్రదర్శనశాలను జూపి, పిమ్మట ఆబిడ్సునకు దోడ్కొని పోవుదును.

ఒకనా డచ్చట నొక వృద్ధ కర్షకుడు "నాయనా, ఈ ఆబిద్ ఎవరు?" అని యడిగెను. తెలియదనుటకు సిగ్గుపడి, ఎవరో నవాబని యొక కథ గల్పించి చెప్పితిని. ఆయన నమ్మి, ప్రక్కనున్న మనుమనికి దానినే తిరుగ జెప్పెను. నా మనస్సు చివుక్కుమనెను.

పిమ్మట గ్రంథములు వెదకితిని. ఆబిద్ నవాబు కాడు. 1869 మొదలు 1911 వరకు నేలిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున నుండిన ఆల్బర్టు ఆబిద్ అతడు. అతని యంగడిని బట్టియే యా ప్రాంతమున కా పేరు వచ్చెను. ఆ వృద్ధుడు నాకు మరల గానరాలేదు. నా యబద్ధ మాయన యూర నింకను బ్రతికియే యుండును.

తప్పుచోట వెలిగిన దీపము ఓడను రాతికి గొట్టించును. అయ్యలారా, మీ యూరి గుడిని, చెరువును, శాసనమును పిల్లలకు జూపుడు. తెలిసినది చెప్పుడు, తెలియనిచో తెలియదనుడు. కూలి గొననివానికి నమ్మకమే కూలి.