పెద్దగట్టు జాతరలో ట్రాలీ డేరా

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లండులో 1907లోనే కారవాన్ క్లబ్బు ఏర్పడింది. కారు వెనుక తగిలించుకొని పోయి, మడత విప్పితే డేరాగా మారే బండ్లు అక్కడివారికి ఉన్నాయి. మనకూ ఇది కొత్త కాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేళ్ళకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతరకు పూర్వం ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చేవారు. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి. గుట్ట కింద డేరాలు మాత్రం మారలేదు. 2025 ఫిబ్రవరిలోనూ జాతర ఘనంగా జరిగింది.

అయితే "ముసలివాళ్ళు అక్కడ ఉండలేరు" అని మనల్ని ఇంటికి కాపలా పెట్టడం న్యాయం కాదు. ఏర్పాట్లు సరిగా ఉంటే నిక్షేపంగా ఉండగలం.

ట్రాలీలో సామాను మాత్రమే రావాలి. అందులో మనుషుల్ని ఎక్కించడం చట్టవిరుద్ధం. బోల్తాపడితే ప్రాణాలకే ముప్పు. మనం బస్సులో వెళదాం. కోదాడ వారికి దురాజ్‌పల్లి సూర్యాపేట కంటే ముందే వస్తుంది. మిర్యాలగూడ వారు సూర్యాపేటలో బస్సు మారాలి. జాతర రోజుల్లో జాతీయ రహదారిపై వాహనాలను దారి మళ్ళిస్తారు కనుక ముందే విచారించుకోవాలి.

ట్రాలీ చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాకే టార్పాలిన్ కట్టాలి. కింద వరిగడ్డి, పైన జంపఖానా పరిస్తే నడుముకు సుఖం. గడ్డి ఉన్నచోట నిప్పు ప్రమాదం, పొయ్యి దూరంగా ఉండాలి. రాత్రి చలికి రగ్గు, బి.పి., షుగరు మాత్రలు, జేబులో పిల్లల ఫోను నంబరు మరువరాదు. గుంపులో మన డేరా గుర్తుపట్టడానికి ఎత్తుగా ఒక రంగు గుడ్డ కట్టాలి.

వచ్చే జాతరలో "ఓ లింగా" అనే పిలుపులో మన గొంతులూ కలవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.