ఆసియా నగరములలో ఇబన్ బతూతా

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు చెప్పుకొనెడివారు. రైలుబండ్లు లేని దినములలో దూరప్రయాణమన్న తిరిగి వత్తుమో రామో తెలియని వ్యవహారము. అట్టి కాలమున, 1325వ సంవత్సరము జూన్ నెలలో, ఆఫ్రికాఖండపు వాయవ్యమూలనున్న టాంజియరు పట్టణము నుండి యొక యువకుడు ఏకాకియై బయలుదేరెను. అతని వయస్సు ఇరువది యొక్క సంవత్సరములు. తలిదండ్రు లిరువురును జీవించియుండిరి. వారిని విడుచుట తనకు మిక్కిలి దుఃఖకరమయ్యెనని యతడే చెప్పుకొనినాడు. మక్కాయాత్ర చేసి రావలెనని వెడలిన ఆ యువకుడు స్వదేశమునకు మరల వచ్చుసరికి ఇరువదినాలుగు సంవత్సరములు గడచెను. అతని పేరు ఇబన్ బతూతా.

అతడు జీవితమున తిరిగిన దూరము సుమారు లక్షా పదునేడువేల కిలోమీటర్లని లెక్కగట్టినవారు కలరు. శ్రోతలారా, ఈ ప్రసంగమున మేము దూరములను లెక్కింపబోవుట లేదు. ఎన్ని యూళ్లు తిరిగిన మనుజుని బుద్ధి యంతగా విశాలమగునని లోకమున నొక నమ్మకము కలదు. అది నిజమేనా? ఈ ప్రశ్నకు ఇబన్ బతూతా జీవితముకంటె మంచి సాక్ష్యము మాకు కనబడలేదు. ఆసియాలో అతడు చూచిన చోట్లలో కొన్నింటిని మాత్రము తీసికొని ఆ సాక్ష్యమును విచారింతము.

ఇబన్ బతూతాది న్యాయాధిపతుల వంశము. అతడును ఇస్లాం ధర్మశాస్త్రమును చదువుకొనినవాడు. ఇల్లు విడిచిన తొలి దినములలోనే అతనికొక యనుభవము కలిగెను. యాత్రికుల గుంపుతో ట్యూనిసు నగరము చేరినప్పుడు పురజనులు ఎదురువచ్చి, తాము ఎరిగినవారిని పేరుపేరున పలుకరించుచుండిరి. ఇతనిని ఎరిగినవారు ఒక్కరును లేరు. కన్నీరు ఆపుకొనజాలక ఏడ్చినాడు. తోటి యాత్రికుడొకడు అది గమనించి, దగ్గరకు వచ్చి, పలుకరించి, ఊరు చేరువరకు మాటలతో ఊరడించెను. పరాయిచోట ఒక పలుకరింపు విలువ యెంతటిదో అతనికి ఆనాడు తెలియవచ్చెను.

1326లో అతడు డమాస్కసు నగరము చేరెను. ఆ నగరమున అతని మనస్సు నాకర్షించినవి ధర్మనిధులు. ధనవంతులు తమ ఆస్తిని ఒక్కొక్క సత్కార్యమునకై వదలిపెట్టి పోయెడివారు. మక్కాకు పోలేనివారి తరపున యాత్ర చేయించుట కొక నిధి. పేదపిల్లల పెండ్లికి కావలసినవి సమకూర్చుట కొకటి. చెరపడినవారిని విడిపించుట కొకటి. బాటసారుల తిండికిని, బట్టకును, దారిఖర్చులకును మరియొకటి. వీథులలో రాళ్లు పరపించుటకు వేరొకటి. ఒకనాడు వీథిలో బానిసపిల్లవాడొకడు చేతిలోని చీనాపింగాణి పళ్లెమును జారవిడిచి పగులగొట్టినాడు. యజమాని కొట్టునని భయముతో నిలిచిపోయెను. చుట్టునున్నవారు, పెంకులేరుకొని పాత్రల ధర్మనిధి అధికారి యొద్దకు పొమ్మనిరి. ఆ యధికారి పెంకులు చూచి, క్రొత్త పళ్లెమునకు సరిపడు సొమ్ము ఇచ్చెను. పళ్లెముతోబాటు ఆ పిల్లవాని మనస్సును విరుగకుండ కాపాడిన యేర్పాటిది యని ఇబన్ బతూతా మెచ్చుకొనెను.

ఇరువది రెండేండ్ల యువకుడు నగరములోని గొప్ప కట్టడములతోబాటు ఇట్టి చిన్న సంగతిని గూడ చూచెననుట గమనింపదగినది. పారశీకమునందలి షీరాజు నగరమున స్త్రీలు వారమున మూడు దినములు మసీదునందు సమావేశమై, వేడిమికి విసనకఱ్ఱలు విసరుకొనుచు ధర్మోపన్యాసము వినుటను చూచి, అంత పెద్ద స్త్రీల సభను తానెన్నడు నెరుగనని చెప్పినాడు. 1327లో తబ్రీజు నగరపు రత్నాల బజారులో రాసులుగానున్న నగలను చూచి కన్నులు మిరుమిట్లు గొనెనని వ్రాయించినాడు.

1330వ దశకపు తొలి సంవత్సరములలో అతడు నేటి టర్కీదేశమగు అనతోలియాలో సంచరించెను. ఆ యూళ్లలో వృత్తిపనివారు సంఘములుగా నేర్పడి పరదేశులకు ఆతిథ్యమిచ్చెడివారు. ఆ సంఘనాయకులను అఖీలందురు. అంటాల్యా పట్టణమున చినిగిన బట్టలు, తలపై కంబళి టోపీ గల యొకడు వచ్చి, ఇతనిని అనుచరులతో గూడ భోజనమునకు పిలిచెను. ఇంత బీదవాడు మాకేమి పెట్టగలడని ఇబన్ బతూతా సంకోచించెను. ఆ వచ్చినవాడు తోలుపనివాడనియు, ఇన్నూరుమంది పనివారికి నాయకుడనియు, వారందరు పగలు సంపాదించినది రాత్రి అతిథులకై వెచ్చింతురనియు పిమ్మట తెలిసినది.

లాదిఖ్ అను మరియొక యూరిలో బజారు వీథిన పోవుచుండగా, కొందరు అంగళ్లనుండి దిగివచ్చి వీరి గుఱ్ఱముల కళ్లెములు పట్టుకొనిరి. అంతలో మరికొందరు వచ్చి వారితో కలహమునకు దిగిరి. కత్తులు సైతము దూసిరి. వీరు దొంగలు, మనలను దోచుకొందురని యాత్రికులు వణకిరి. అరబ్బీభాష తెలిసినవాడొకడు వచ్చి విషయము చెప్పినాడు. అవి రెండు అఖీ సంఘములు. ఈ యతిథులు మావారనగా మావారని వారి తగవు! తుదకు చీట్లు వేసి, ఎవరి యింట ముందు దిగవలెనో నిర్ణయించుకొనిరి.

ఇట్లు చీటివేసికొని అతిథులను పంచుకొను మనుజులుండుటచేతనే ఒక యువకుడు ధనము లేకున్నను ఖండములు దాటగలిగెను. ఇబన్ బతూతా యాత్రలో సగము కీర్తి అతని కాళ్లది. తక్కిన సగము తలుపు తీసినవారిదని మా యభిప్రాయము.

1333వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన తాను సింధునది చేరితినని అతడు చెప్పినాడు. ఢిల్లీలో మహమ్మదు బిన్ తుగ్లకు ఏలుచుండెను. ఆ సుల్తాను వాకిట ఒకవంక బహుమానములు పొందిన బీదలును, మరియొకవంక శిక్షింపబడినవారి శవములును ఎల్లప్పుడు కనబడునని ఇబన్ బతూతా వర్ణించెను. సుల్తాను ఇతనిని ఢిల్లీకి ఖాజీగా నియమించి, సంవత్సరమునకు పండ్రెండువేల దీనారముల జీతము ఏర్పరచెను. తనకు ఇచ్చటి భాష రాదని చెప్పినను వినక ఇరువురు సహాయకుల నిచ్చెను. బాటసారి అధికారి యయ్యెను. ఏబదియైదువేల దీనారములు అప్పుపడెను. సుల్తానునకు కోపకారణమైన యొక సాధువును దర్శించినందున కావలి వారి మధ్య నుండవలసి వచ్చి, ప్రాణముపై ఆశ వదలుకొనెను. తుదకు 1342లో సుల్తాను అతనిని చీనా చక్రవర్తి యొద్దకు రాయబారిగా పంపెను. కాలికట్టు రేవున తుపాను రేగి, కానుకలున్న ఓడ బ్రద్దలయ్యెను. ఒడ్డున మిగిలిన ఇబన్ బతూతాకు పది దీనారములును, పరుండు తివాచీయును మాత్రమే దక్కినవి.

రాయబారము చెడినవాడై అతడు మాల్దీవులు చేరెను. అప్పుడు ఆ దీవులను ఖదీజా యను రాణి యేలుచుండెను. అచ్చటి ప్రజలు అతని మతమువారే. కాని వారి యాచారములు వేరు. స్త్రీలు నడుమునకు పైన వస్త్రము ధరించెడివారు కారు. ఖాజీపదవి లభించినంతనే అతడు వారికి నిండుగా వస్త్రములు కట్టింపబూనెను. తన న్యాయస్థానమునకు వచ్చువారి విషయమున తప్ప ఆ యాజ్ఞ సాగలేదు. దొంగ చేయి నరుకుమని తీర్పు చెప్పగా, ఆ మాటకే సభలోని దీవివారు కొందరు మూర్ఛపోయిరి. మంత్రులతో వైరము పెరిగి 1344లో దీవులు విడువవలసి వచ్చెను.

కొన్ని సంవత్సరములకు పూర్వము ఉజ్బెగుఖాను కొలువున, రాణి రాగానే ఖాను తానే లేచి యెదురేగుటను చూచి ఈ మనుజుడే ఆశ్చర్యపడెను. ముసుగు లేకుండ బండిపై వచ్చు వర్తకుని భార్యను, ఆమె ప్రక్క సేవకునివలె కనబడు భర్తను చూచి వింతగా చెప్పెనే గాని దిద్దబూనలేదు. అచ్చట అతడు అతిథి. మాల్దీవులలో అధికారి. యువకుడు చూచి నేర్చుకొనెను. ఖాజీ చూచి శాసింపబోయెను. కన్నులు మాత్రము అవే.

అయినను అతిథిగా నుండు భాగ్యము అతనికి మరల లభించెను. సింహళమున యాళ్పాణపు రాజు ఆర్యచక్రవర్తి పారసీభాష నెరిగినవాడు. ఇబన్ బతూతా కొండపైనున్న పాదముద్రను చూడగోరగా, ఆ రాజు నలుగురు యోగులను, ముగ్గురు బ్రాహ్మణులను, మరికొందరను తోడిచ్చి పంపెను. ఆ పాదము ఆదామునిదని ముస్లిములును, బుద్ధునిదని బౌద్ధులును, శివునిదని హిందువులును తలంతురు. ఇనుపగొలుసులు పట్టుకొని ఒకే కొండను ఎక్కువారు మూడు పేర్లతో ఒకే గురుతుకు మ్రొక్కుచున్నారు. ఆ కొండ నెక్కునప్పుడు అతనికి తోడు నిలిచినవారు పరమతస్థులు.

సుమత్రా మీదుగా అతడు చీనాదేశపు జైతూను రేవు చేరెను. దానిని నేడు చ్వాన్‌చౌ అందురు. లోకమున బాటసారికి చీనాకంటె సురక్షితమైన దేశము లేదనియు, గొప్ప ధనముతో తొమ్మిది నెలలు ఒంటరిగా ప్రయాణించినను భయము లేదనియు అతడే చెప్పినాడు. సత్రములలో రాత్రివేళ అధికారి వచ్చి బసచేసినవారి పేర్లు వ్రాసికొని, తలుపునకు తాళము వేయించి, ఉదయమున మరల లెక్కచూచెడివాడు. కాగితపు నాణెములను, పింగాణిని, చిత్రకారుల నేర్పును అతడు కొనియాడెను. ఒక బజారు గుండ పోయి కొలది కాలమునకే మరల రాగా, తనయు తన యనుచరులయు రూపములు గోడలపై కాగితములందు చిత్రింపబడియుండెనట!

ఇంతయు మెచ్చుకొనినవాడు వెంటనే మరియొక మాట గూడ చెప్పినాడు. చీనా యెంత సుందరమైనను తన మనస్సునకు నచ్చలేదనెను. తన మతము కాని మతము అచ్చట ప్రబలియుండుటచే, ఇల్లు వెడలినప్పుడెల్ల కంటికి రుచింపనివే కనబడెననియు, అవసరమైనగాని బయటికి రాక ఇంటనే యుంటిననియు, ముస్లిములు కనబడిన స్వజనమును చూచినట్లయ్యెననియు చెప్పెను. తన దేశమునకు చేరువనున్న స్యూటా పట్టణపువాడొకడు ఆ దేశమున వర్తకుడై స్థిరపడియుండెను. పూర్వము ఢిల్లీలో చూచినవాడే. ఒకరినొకరు గుర్తించి యిరువురును కన్నీరు విడిచిరి. కొన్నాళ్లకు సహారా యెడారి యంచుననున్న సిజిల్మాసా పట్టణమున అతని సోదరుని యింట ఇబన్ బతూతా బస చేసినాడు. ఆ సోదరుల నడుమ నున్న దూరమును తలచి ఆశ్చర్యపడెను.

మన ప్రశ్నకు సమాధాన మిచ్చట నున్నదని మాకు తోచుచున్నది. చీనాలో అతనికి దొంగల భయము లేదు, ఆకలి లేదు, దారి చక్కగా నున్నది. అయినను అతడు తలుపు మూసికొని కూర్చుండెను. కత్తులు దూసిన లాదిఖ్ వీథిలో తెరచుకొనిన మనస్సు, భయమే లేని నగరమున మూసికొనెను. ఏలనన, అచ్చట కళ్లెము పట్టుకొని లాగినవారు అతని మతమువారు. ఇచ్చట తానై ముందడుగు వేయవలసియుండెను. కావున ప్రయాణము దానంతట అది బుద్ధిని విశాలము చేయదు. బాట మనలను పరాయివాని వాకిటివరకే చేర్చగలదు.

అతని గ్రంథమునందలి వర్ణనలు కొన్ని ఇబన్ జుబైరు అను పూర్వయాత్రికుని గ్రంథము నుండి గ్రహింపబడినవి. అతడు పీకింగువరకు పోయెనా యని సంశయించు పండితులు కలరు. అయినను చీనాలో తనకు కలిగిన విముఖతను దాచకుండ చెప్పుట అతని నిజాయితీకి గురుతు. తిరుగుదారిలో, 1348లో, డమాస్కసున మహామారి ప్రబలియుండెను. ముస్లిములు, క్రైస్తవులు, యూదులు తమ తమ గ్రంథములు చేతబూని, ఒక్కటిగా ఊరేగి దైవమును ప్రార్థించిరి. తండ్రి పదునైదేండ్ల క్రిందటనే గతించెనని అతడు వినినది ఆ నగరముననే. 1349లో స్వదేశము చేరుసరికి ఆ మహామారికే తల్లియు బలియైయుండెను. సుల్తాను అబూ ఇనాను ఆజ్ఞపై అతడు తన యాత్రలను చెప్పగా, ఇబన్ జుజయ్యి యను పండితుడు గ్రంథముగా కూర్చెను. అతడు చెప్పుట 1355లో ముగిసెను.

నేడు మన తెలుగు యువతీయువకులు విమానమెక్కి దుబాయికి, సింగపూరుకు, టోక్యోకు చదువులకును ఉద్యోగములకును పోవుచున్నారు. పెట్టెలో ఆవకాయ సీసా పెట్టుకొని పోవుదురు. చేరినచోట మనవా రెవరున్నారని వెదకుదురు. అందు తప్పులేదు. పరదేశమున స్వభాష చెవినిబడిన కలుగు సంతోషము కాదనరానిది. ఆ సంతోషము తీరిన పిమ్మట ప్రక్కయింటి తలుపు గూడ తట్టవలెనని మాత్రము మేము కోరుచున్నాము.

ఇల్లు కదలని వారికి గూడ ఇందు పని కలదు. మన యూళ్లకు ఒడిస్సా నుండి, బీహారు నుండి కట్టడపు పనులకై వచ్చినవారు కలరు. ఇతర దేశములనుండి చదువ వచ్చిన విద్యార్థులు కలరు. మన భాష వారికి రాదు. వారిని ఎరిగినవారు వీథిలో లేరు. డమాస్కసువలె ధర్మనిధులు పెట్టుటకు మనవద్ద ధనము లేకపోవచ్చును. పలుకరించుటకు ధనముతో పనిలేదు.