ఉంగేని ఒడ్డున పెరటాసి నెల
(సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



వసంతకాలంలో మీ పాత ఇంటి సంగతులు నాలుగు చెప్పమని సంఘంవారు అడిగారు. అడగగానే సరేనన్నాం. తీరా రాయడానికి కూర్చుంటే వసంతమనే మాట దగ్గరే మొదటి చిక్కు వచ్చి పడింది. పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో మొదలు. మన నేటాల్‌లోనేమో ఉగాదినాటికి ఎండలు తగ్గి, ఆకు రాలే రోజులు దగ్గర పడతాయి. మామిడికాయల కాలం జనవరి, ఫిబ్రవరితోనే ముగిసిపోతుంది. మా అవ్వ డిసెంబరులో ఉప్పులో ఊరవేసిన కాయ రెండు ముక్కలు కడిగి ఉగాది పచ్చడిలో వేసేది. వేపపువ్వు మా ఇంటికి ఏనాడూ దొరకలేదు. చేదుకోసం నాలుగు మెంతిగింజలు నూరి కలిపేది. "పండగ అక్కడిది, పచ్చడి ఇక్కడిది" అని నవ్వేది. మా అసలు వసంతం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అంటే పెరటాసి నెలలో. కాబట్టి మేము చెప్పేది ఆ వసంతం గురించే.

మేమంటే, మా అక్క తర్వాత పుట్టిన ముగ్గురం. అక్క ఈ సభకు వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. తన గురించి చెప్పవద్దని పొద్దుననే హెచ్చరించింది. ఆ మాట దాటుతున్నందుకు ముందే క్షమించమంటున్నాం.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుంచి వచ్చి డర్బన్ రేవు చేరినది మొదలు, 1911లో ఆ ఒప్పందపు కూలీ పద్ధతి ఆగిపోయేదాకా లక్షన్నర మందికి పైగా మనవాళ్ళు ఈ నేలమీద దిగిన చరిత్ర మీకు తెలిసిందే. మా అవ్వ తండ్రి ఆనాటి ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి వచ్చినవాడు. అయిదేళ్ళు చెరుకుతోటల్లో పనిచేసి, ఆ తర్వాత ఉంగేని నది పల్లపు నేలలో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, రెండెకరాలు కౌలుకు పట్టాడు. మేము పుట్టింది ఆ రెండెకరాల్లోనే. నేల మనది కాదు, ఏటేటా కౌలు కట్టాలి. చెక్క గోడలు, పైన తగరపు రేకులు, రెండు గదులు. వంటిల్లు వేరే. అందులో కట్టెల పొయ్యి, సన్నికల్లు, కిరసనాయిలు దీపం. వాకిట్లో ఒక మామిడి, ఒక కరివేపచెట్టు. ఆ కరివేపచెట్టు పిలకలు అడగని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. అవ్వ ఊరికే ఇచ్చేది కాదు. ఏదో ఒక విత్తనం బదులు తెచ్చివ్వాలి.

చలికాలంలో ఇక్కడ వాన పడదు. క్యాబేజీ, బఠాణీ, మెంతి, కొత్తిమీర అన్నీ చేతినీళ్ళతోనే పెంచాలి. సెప్టెంబరు రాగానే ఒకవైపు ఆ పైరు తీసి అమ్ముకోవాలి, మరోవైపు పెంట ఎరువు చల్లి నేల తిరగవేసి బెండ, వంగ, మిరప, చిక్కుడు, సొర, బీర, కాకర వేయాలి. చామదుంపలూ అప్పుడే నాటాలి. మడుంబీలని ఇక్కడ పిలిచేది వాటినే. నిండు సంవత్సరంలో ఇంత పని మరే నెలలోనూ లేదు. ఇల్లంతా తెల్లవారకముందే లేచేది. నాయన రెండు గంటలకే లేచి, ఇరుగు పొరుగువాళ్ళతో కలిసి మాట్లాడుకున్న లారీలో కట్టలు, బస్తాలు వేసుకుని వార్విక్ అవెన్యూ సంతకు పోయేవాడు. 1934లో మొదలయిన ఆ వేకువ సంతే ఇక్కడి తోటకాపులకు బ్రతుకుతెరువు. మిగిలినవాళ్ళం ఊటగుంటలో నీళ్ళు ముంచి మడులు తడపాలి. చిల్లుల మూతి ఉన్న జింకు డబ్బాలు చెరి రెండు చేతుల్లో. ఒంగి లేవడం, ఒంగి లేవడం. గెనిమల మీద కాలు జారితే నారంతా తొక్కుడుపడి అమ్మచేత చీవాట్లు. బడి గంటకు ముందు ఎన్ని మడులయితే అన్ని మడులు. మడులు లెక్కపెట్టడానికి అక్క తెలుగు అంకెలు చెప్పించేది. తెలుగులో నూరుదాకా మాకు వచ్చింది అక్కడే, బడిలో కాదు.

ఆ రోజుల్లో ఒక పిట్ట కూసేది. మూడే స్వరాలు, ఒకదాని కింద ఒకటి దిగుతూ. తెల్లవాళ్ళు దాన్ని పీట్-మై-ఫ్రౌ అంటారు. అవ్వ దాన్ని మన కోయిల అనుకునేది. అది నిజంగా కోయిల జాతిదేనని మాకు చాలా ఏళ్ళకు తెలిసింది. పక్క దిబ్బమీద ఉండే జూలూ ముసలమ్మ, మేము గోగో అని పిలిచే ఆవిడ, దాని పేరు ఫేజుకోమ్‌ఖోనో అనేది. పార భుజానికెత్తుకోండి అని అది పిలుస్తున్నదట! ఆ కూత విన్న వారంలోనే ఆవిడ తన మొక్కజొన్న వేసేది, అవ్వ సొరగింజలు గుచ్చేది. ఒకరి భాష ఒకరికి పది మాటలకు మించి రాదు. విత్తే రోజు విషయంలో మాత్రం ఇద్దరికీ ఏనాడూ తేడా రాలేదు. గోరువంకలు సరేసరి. అవి కూడా మనలాగే ఓడెక్కి ఇండియానుంచి వచ్చి డర్బన్‌లో స్థిరపడినవే. మొలకలు పీకే గోరువంకను కూడా అవ్వ రాయితో కొట్టనిచ్చేది కాదు. "మనూరిది రా" అనేది.

అక్టోబరు వాన కోసం అందరూ ఎదురు చూసేవారు, అవ్వ ఒక్కతే భయపడేది. 1917 అక్టోబరు 28న ఉంగేనికి వచ్చిన వరదను ఆమె కళ్ళారా చూసింది. ఇళ్ళు, పశువులు, మనుషులు కొట్టుకుపోయారు. పడవాతన్ ఇంటిపేరు గల అన్నతో కలిసి ఆరుగురు తమిళ జాలరులు ఒక పడవ వేసుకుని పదేపదే ఆ వరదలోకి వెళ్ళి 176 మందిని ఒడ్డుకు చేర్చారు. ఆ ఆరుగురి పేరు చెప్పి అవ్వ ప్రతి ఏడూ దీపం పెట్టేది. వాన మూడోరోజుకు తెరిపి ఇవ్వకపోతే విత్తనాల మూట తీసి అటకమీద పెట్టేది. నగలు కాదు, విత్తనాలు! నగలు ఉండేవి కావనుకోండి.

ఇక పెరటాసి శనివారాలు. నెలంతా ఇంట్లో నీచు వండేవారు కాదు. శనివారం తెల్లవారుజామున మేము తలంట్లు పోసుకుని, నుదుట నామం పెట్టుకుని, పసుపు పూసిన చెంబు పట్టుకుని ఏడిళ్ళు గోవిందా అంటూ తిరిగి బియ్యం తెచ్చేవాళ్ళం. ఆ బియ్యంతోనే పొంగలి, పులిహోర, పిండిదీపం, తళిగ. ఇంకో సంగతి. ఆ నెలలో తమిళులు, తెలుగువాళ్ళు అందరూ కూరగాయలే తింటారు గనుక సంతలో గిరాకీ పెరిగేది. "వేంకటేశ్వరుడు మన కౌలు కడతాడు" అని నాయన అనేవాడు. భక్తి, బేరం రెండూ ఒకే మాటలో కలిసి ఉండేవి. అందులో తప్పేమీ మాకు కనపడలేదు.

1956 పెరటాసిలో ఆ గిరాకీయే అక్క మీదికి వచ్చింది. అక్కకు అప్పుడు పన్నెండేళ్ళు. బడి మనవాళ్ళు చందాలు వేసుకుని కట్టించుకున్నదే. గదులు చాలక రెండు పూటలుగా నడిచేది. అక్కది మధ్యాహ్నపు పూట. పొద్దున తోటపని, ఆపైన బడి. ఆ ఏడు అమ్మ నెలలు నిండి ఉంది. ఒక బుధవారం సంతనుంచి వచ్చి నాయన వంటింటి గడప దగ్గర నిలబడి, "రేపటినుంచి అమ్మి బడికి పోవద్దు, తోట చూసుకుంటుంది" అన్నాడు. అవ్వ సన్నికల్లు మీద చేయి ఆపింది. "మగపిల్లోణ్ణి ఆపరా" అన్నది. నాయన జవాబు చెప్పలేదు. అమ్మ మాట్లాడలేదు. అక్క స్లేటు, పుస్తకాల సంచీ తెచ్చి మా చేతికిచ్చి డబ్బాలు తీసుకుని గుంట దగ్గరికి వెళ్ళిపోయింది. మాకు అప్పుడు సంచీ దొరికిందన్న సంతోషమే తప్ప ఇంకేమీ తోచలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

నాయన చెడ్డవాడు కాడు. కౌలు బాకీ ఉంది, పొలం పిలుస్తోంది, చేతులు తక్కువ. ఆనాడు ఎందరి ఇళ్ళల్లోనో ఇదే జరిగింది. ఇక్కడ కూర్చున్న పెద్దమ్మలను అడగండి. అలాగని సరే అనుకుందామా అంటే మా నోరు రాదు. ఆ రెండెకరాలమీద వచ్చిన డబ్బుతో మేము ముగ్గురం చదువుకున్నాం, ఒకరు పంతులు పని కూడా చేశారు. నీళ్ళు పోసింది అక్క.

నాయనకు మనసులో ముల్లు లేకపోలేదు. మరుసటి ఏడు మన సంఘంవాళ్ళు సాయంత్రం పూట నేర్పే తెలుగు తరగతికి అక్కను పంపడానికి ఒప్పుకున్నాడు. వారానికి రెండు రోజులు, లాంతరు పట్టుకుని తానే తోడు వెళ్ళేవాడు. అక్క అక్షరాలు పట్టుకున్న తీరు చూసి మాస్టారు ఆశ్చర్యపోయేవారట. ఒత్తులు, గుణింతాలు తను నేర్చుకుని, మడుల మట్టిలో పుల్లతో గీసి మాకు నేర్పింది. మా తెలుగంతా ఆ మట్టిదే. ఈ కాగితం మీద తప్పులుంటే అవి మావి.

1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మా గుమ్మం ముందుకు వచ్చేసరికి పదిహేనేళ్ళు పట్టింది. 1965లో ఇల్లు ఖాళీ చేసి చాట్స్‌వర్త్ ఎక్కాం. ఖాళీ చేయమన్నది సెప్టెంబరులో. వంగనారు జానెడు ఎదిగి ఉంది. అవ్వకు అప్పటికి అరవై అయిదు. నారుకు నీళ్ళు పోయించి మరీ లారీ ఎక్కింది. ఎవరికోసం అని మేమడిగితే, దాహం వేసేది వంగకు గాని కాగితానికి కాదన్నది. కొత్త ఇంటి వాకిలి నాలుగు చాపలంత. అవ్వ ఆ మరుసటి వసంతం చూడలేదు.

ఆ లారీలో అక్క ఒళ్ళో ఒక బిస్కట్ల డబ్బా ఉంది. అందులో విత్తనాల పొట్లాలు. ప్రతి పొట్లం మీద అక్క చేతిరాతతో తెలుగులో పేరు, వేసే నెల. బీర, సెప్టెంబరు. కాకర, సెప్టెంబరు. ఆనప, అక్టోబరు. చాట్స్‌వర్త్ వాకిట్లో పాత బక్కెట్లలో, పెయింటు డబ్బాలలో, ఇప్పుడయితే ఐస్‌క్రీము డబ్బాలలో, అరవై ఏళ్ళుగా ప్రతి వసంతం వేసి, గింజ కట్టి, మళ్ళీ పొట్లం కడుతూనే ఉంది. మొన్నామధ్య ఆ పాత తోట చోటు చూద్దామని అక్కను కారులో తీసుకువెళ్ళాం. గోదాములు, పెద్ద పెద్ద దుకాణాలు. కారు దిగలేదు. "గుంట ఎక్కడుండేదో చెప్పండి" అని మమ్మల్నే అడిగింది. మేము ముగ్గురం మూడు వైపులు చూపించాం.

చదువు ఆపినందుకు నాయనమీద కోపం ఉందా అని ఆ రోజే ధైర్యం చేసి అడిగాం. "ఉంది" అన్నది. కాసేపు ఆగి, "బీరగింజ ఈ ఏడు సరిగా కట్టలేదు, వాన ముందే వచ్చె" అన్నది. అంతకుమించి మేము అడగలేదు.

అక్క చెప్పమన్న మాట ఒకటుంది, అది చెప్పి కూర్చుంటాం. హాలు వెనక, నీళ్ళ కుండ పక్కన బల్లమీద పొట్లాలు పెట్టింది. బెండ, బీర, కాకర, చిక్కుడు ఉన్నాయి. పేరు తెలుగులోనే రాసింది, చదవలేనివాళ్ళు తనను అడగవచ్చు. ఇంటికొక పొట్లం చొప్పున తీసుకోండి. ఉగాదికి వచ్చేటప్పుడు అన్ని గింజలు తిరిగి తేవాలి. కాకరకు నీళ్ళు ఎక్కువ పోయవద్దట.