సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ ఫ్యామిలీ బండి: అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చూడండి

ఇంటిల్లిపాదికీ, లగేజీకీ సరిపోయే పాత ఆటోమేటిక్ బండి చూస్తున్నారా? నేనైతే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్‌కే ఓటేస్తా. పెట్రోల్ ఎర్టిగాలో 2022 వరకు 4 గేర్లు, ఆ తర్వాత 6. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టాలోనూ 6.

అమ్మేవాళ్లకి ముందే చెప్పండి: "అన్నా, నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు." ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్రేక్ నొక్కిపట్టి ఆర్ నుంచి డికి మార్చండి. అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, వేడెక్కాక మళ్లీ మార్చండి. గట్టిగా కుదిపినా, గేర్ పడటానికి ఆలస్యమైనా ఆ బండి వదిలేయండి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. ఆర్‌సీలో హైపోథికేషన్ ఉంటే, బ్యాంకు ఎన్‌ఓసీ చూడకుండా డబ్బులివ్వకండి.

రేటు తగ్గిందని మురిసిపోవద్దు. బేరంలో మిగిలిందంతా గేర్‌బాక్సే మింగేస్తుంది!