చెక్క మీద చిలక



వడ్రంగం మగవాళ్ళ పని అంటారు. దూలం కోయాలంటే కండబలం కావాలి, నిజమే. కానీ చెక్కతో పువ్వు, చిలక కోయడానికి నిదానం చాలు. అందుకు స్క్రోల్ రంపం అనే చిన్న యంత్రం ఉంది.

కుట్టుమిషనులో సూది పైకీ కిందికీ ఆడుతుంది కదా! ఇందులో సన్నని రంపపు బ్లేడు అలా ఆడుతుంది. బట్టను తిప్పినట్టే చెక్కను తిప్పాలి.

బ్లేడు కొనేటప్పుడు ప్యాకెట్టు మీద నంబరు మీరే చదవండి. 2 నంబరు బ్లేడు సన్నం. 7 నంబరు మందం.

చేయి తెగదా అని భయమా? ఆ భయం మంచిదే. జాగ్రత్త నేర్పుతుంది. కొంగు దోపండి. జుట్టు ముడి వేయండి. గాజులు తీసేయండి. కళ్ళకు రక్షణ అద్దాలు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. రంపపు పొట్టు ఊపిరితిత్తులకు చెరుపు.

ప్లగ్గు తీశాకే బ్లేడు బిగించండి. దాని పళ్ళు కిందికి చూడాలి. వదులుగా ఉంటే గీత తప్పుతుంది.

6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద పెన్సిలుతో గీత గీయండి. ముక్కను బల్లకు అదిమిపట్టి మెల్లగా జరపండి. గట్టిగా తోస్తే బ్లేడు విరుగుతుంది. వేళ్ళు బ్లేడుకు ఎదురుగా పెట్టకండి. పక్కగా ఉంచండి.

చిలకకు కన్ను కోయాలా? ముందు డ్రిల్లుతో అక్కడ బెజ్జం వేయండి. మిషను ఆపి, ప్లగ్గు తీసి, బ్లేడు ఊడదీయండి. బెజ్జంలో దూర్చి మళ్ళీ బిగించండి.

మొదటి రోజే చిలక జోలికి పోవద్దు. ముందు తిన్నని గీత, తర్వాత వంకర గీత, ఆ తర్వాత సున్న. అక్షరాలూ అలా దిద్దే కదా వచ్చాయి!