పచారీ కొట్టు - గొలుసు అంగడి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



పల్లెటూరి పచారీ కొట్టు ముందు “నేడు నగదు, రేపు అరువు” అని వ్రాసిన పలక యొకటి వ్రేలాడుచుండును. ఆ పలక వెనుకనే, గల్లాపెట్టె ప్రక్కన, అట్ట చినిగిన అరువు పద్దుల పుస్తకమును ఉండును. పలక యొక మాట చెప్పును, పుస్తకము వేరొక మాట చెప్పును. ఈ రెంటి నడుమనే చిల్లర వర్తకము తరతరములుగా నడచుచు వచ్చినది. నేడు పట్టణములందును, పెద్ద మండల కేంద్రములందును వెలసిన గొలుసు అంగళ్ళలో ఆ పలకయు లేదు, ఆ పుస్తకమును లేదు. ఒకే యాజమాన్యము క్రింద, ఒకే పేరుతో, ఒకే తీరున ఊరూర నడచు దుకాణములకే గొలుసు అంగళ్ళని పేరు. అవి వచ్చినందున చిన్న కొట్లు నిలుచునా, పోవునా యని వర్తకులు చింతించుచున్నారు. కొనువారికి అంత చింత లేదు. ఎచ్చట చౌకయో అచ్చటికే పోవుదురు. అందు తప్పేమియు లేదు. అయినను ఆ చౌక ఎచ్చటినుండి వచ్చుచున్నదో, దానికి బదులుగా ఏమి పోవుచున్నదో ఎరిగి పోవుట మేలు.

ఈ పద్ధతి బాగుగా పెరిగినది అమెరికా దేశమున. 1859లో న్యూయార్కు నగరమున తేయాకు వర్తకముతో ఆరంభమైన యొక సంస్థ పిమ్మట ‘గ్రేట్ అట్లాంటిక్ అండ్ పసిఫిక్ టీ కంపెనీ’ యని పేరు పొందెను. జనులు దానిని ‘ఏ అండ్ పి’ యని పిలిచెడివారు. 1912లో ఆ సంస్థ క్రొత్త తరహా దుకాణమును తెరచినది. అందు అరువు లేదు, సరుకు ఇంటికి పంపుట లేదు, ఆడంబరము లేదు. ధర మాత్రము తక్కువ. 1930 నాటికి ఆ సంస్థ దుకాణములు 15,000 దాటినవి. ఈ నడుమ, 1916లో, మెంఫిస్ పట్టణమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు ‘పిగ్లీ విగ్లీ’ యను పేర మరియొక వింత చేసెను. అంతకు మున్ను కొనువాడు అడ్డుబల్లకు ఇవతల నిలిచి అడుగగా, గుమాస్తా అరలలోనుండి తీసి, తూచి, పొట్లము కట్టి ఇచ్చెడివాడు. సాండర్స్ ఆ ఏర్పాటు తీసివేసి, కొనువాని చేతికే బుట్ట నిచ్చి అరల నడుమకు పంపెను. గుమాస్తా చేయవలసిన పని కొనువాడు చేసికొనెను. మిగిలిన కూలిలో కొంత ధర తగ్గుటకు పనికివచ్చెను. లోకులు దానిని కూడ సేవ యనియే పిలిచిరి!

చిన్న వర్తకుల మొర ఆలకించి అమెరికా ప్రభుత్వము 1936లో రాబిన్సన్-పాట్మన్ చట్టమును చేసినది. సరుకు తయారు చేయువారు పెద్ద దుకాణమునకొక ధర, చిన్న దుకాణమునకొక ధర పెట్టి పోటీని చెరుపరాదని దాని సారాంశము. ఏ అండ్ పి మాత్రము చట్టము చేత పడిపోలేదు. తనకన్న పెద్దవియు, చౌకయైనవియు నగు అంగళ్ళ పోటీకి క్రమముగా క్షీణించి, 2015లో పూర్తిగా మూతపడినది.

ఈ దేశమునందును అట్టి కథలు లేకపోలేదు. 1997లో చెన్నైయందు పుట్టిన ‘సుభిక్ష’ దాదాపు 1,600 దుకాణముల వరకు పెరిగి, చేతిలో రొక్కము లేక 2009లో మూలబడినది. రిలయన్స్ సంస్థ తన మొదటి ‘ఫ్రెష్’ దుకాణములను 2006లో హైదరాబాదుననే తెరచినది. హైదరాబాదు వారికి చిరపరిచితములైన త్రినేత్ర దుకాణములను 2007లో ఆదిత్య బిర్లా సంస్థ కొని, వానికి ‘మోర్’ అను పేరు పెట్టినది. 2002లో ముంబైలో ఆరంభమైన డీమార్ట్ నేడు తెలుగు రాష్ట్రములు రెంటను కలదు. సరుకు పంపినవారికి త్వరగా సొమ్ము చెల్లించి ధర తగ్గించుకొనుట, దుకాణపు కట్టడములను చాలవరకు సొంతము చేసికొని అద్దె బాధ తప్పించుకొనుట, ఇవి దాని చౌకకు ముఖ్య కారణములు. పచారీ కొట్టువాని స్థితి ఇందుకు తలక్రిందులు. అతడు టోకు వర్తకుని యొద్ద అరువు తెచ్చి, ఊరివారికి అరువిచ్చును. రెండు అరువుల వడ్డీయు సరుకు ధరలోనే కలియును. కిలో పప్పుకు నాలుగు రూపాయలు ఎక్కువైనదని అతనిని నిందించువారు ఈ సంగతి తలచరు.

పెద్ద అంగడిలోని మేలును కూడ ఒప్పుకొనవలెను. వెల అచ్చుపడి యుండును. తూకపు అంకెలు కొనువాని కంటికి కనబడును. రసీదు చేతికి వచ్చును. కూలి చేసికొను స్త్రీ వచ్చినను, ఉద్యోగి భార్య వచ్చినను వెల యొక్కటే. వరుసలో ముందు వచ్చినవారిదే ముందు. సరుకును చేతితో తాకి చూచినందుకు కసురువారు లేరు. కొన్ని పల్లెలలో కొందరికి ఈ పాటి మర్యాద అరలకును, యంత్రములకును మధ్యనే మొదట దక్కినదన్నచో చిన్న వర్తకులు కోపింపరాదు. అది నిజము.

అచ్చట దొరకనిదేమి? పది రూపాయల పప్పు దొరకదు. అచ్చట అంతయు పెద్ద పొట్లములే. రాత్రి పది గంటలకు తలుపు తట్టిన దీపము వెలిగించువారు లేరు. “పోయిన నెల తీసికొనిన బియ్యము అన్నము ముద్దయైనదంటివి గదా, ఇవి చూడుము” అని జ్ఞాపకముంచుకొని చెప్పువారు లేరు. తూచిన మీదట చేరెడు కొసరు వేయు చేయి లేదు. అన్నిటికంటె ముఖ్యముగా అరువు లేదు. నాట్లు పడిన పిమ్మట కోతల దాక రైతు చేతిలోను, కూలివాని చేతిలోను రొక్కమాడని నెలలుండును. ఆ నెలలలో పొయ్యి వెలిగించునది ఆ చినిగిన పుస్తకమే. ఏ బ్యాంకును రెండు వందల రూపాయల ఉప్పు, చింతపండు, మిరపకాయలకు అప్పు వ్రాయదు.

అయితే అరువును మరీ పొగడుటయు తగదు. అది నీటిలో పడినవానికి అందించిన త్రాడు. ఆ త్రాడే మెడకు చుట్టుకొనుటయు కలదు. బాకీ యున్న ఇల్లాలికి పుచ్చిన కందిపప్పు ఇచ్చినను మారుమాట రాదు. నగదు తెచ్చినవాడు వచ్చినచో వానికి ముందు తూచి, ఆమెను ప్రక్కన నిలువబెట్టుట కలదు. నలుగురు వినుచుండగా పాత బాకీ ఎత్తుట కలదు. వర్తకుని మర్యాద నగదు తెచ్చినవాని యెడల ఎట్లుండునో చూచి లాభము లేదు. వేరొక కొట్టుకు పోలేని బాకీదారునికి ఎట్టి సరుకు తూచుచున్నాడో, ఎట్టి మాట పలుకుచున్నాడో చూడవలెను. పెద్ద అంగడి రాకకు మునుపే ఈ పరీక్షలో తప్పిన కొట్లు కొన్ని కలవు. వానికి వచ్చిన నష్టమునకు పట్టణపు పోటీ యొక్కటే కారణమనుట సరికాదు.

ఇంగ్లండు దేశమున రాచ్‌డేల్ పట్టణపు నేతపనివారు మొదలగు శ్రామికులు ఈ బాధ పడలేకయే 1844 డిసెంబరు 21వ తేదీన సొంత దుకాణము తెరచిరి. ఆదిలో సభ్యులు 28 మందియని చెప్పుదురు. వెన్న, పంచదార, గోధుమపిండి, క్రొవ్వొత్తులు మొదలగు కొద్ది సరుకులే అమ్మిరి. కల్తీ లేని సరుకు, నిండు తూకము, మిగిలిన లాభము ఎవరెంత కొనిరో ఆ లెక్కను పంచుట, ఇవి వారి నియమములు. అరువు ఎంతమాత్రమును కూడదనిరి; బాకీపడినవాడు కల్తీ పిండిని కాదనలేడని వారికి అనుభవముచే తెలియును. దుకాణముతోపాటు పత్రికలు చదువు గదిని, గ్రంథాలయమును కూడ ఏర్పరచుకొని, తరువాతి కాలమున లాభమున నూటికి రెండున్నర వంతున విద్య కొఱకు తీసియుంచిరి. ఈ మాట ఈ సభకు ప్రియము గూర్చునని ప్రత్యేకముగా చెప్పుట. మదరాసున తిరువళ్ళిక్కేణి సహకార సంఘము 1904లో ఆ దారినే పుట్టినది.

రాచ్‌డేల్ వారి నగదు నియమమును పల్లెకు అట్లే తెచ్చుట సాధ్యము కాదు. వారికి కూలి వారము వారము వచ్చెడిది. రైతుకు రొక్కము ఏటికి ఒకటి రెండు మారులు వచ్చును. కావున ఇచ్చట అరువును తీసివేయుటకన్న దానిని శుభ్రపరచుటయే పని.

ఇందు కొనువారి పాలును కలదు. పంట సొమ్ము చేతికి వచ్చిననాడు బస్సెక్కి పట్టణపు అంగడికి పోయి నెలకు సరిపడ సరుకు తెచ్చుకొందురు. చేతిలో చిల్లర లేనినాడు పచారీ కొట్టు గడప త్రొక్కుదురు. నగదంతయు అచ్చటికి, అరువంతయు ఇచ్చటికి పోయినచో ఏ కొట్టు నిలుచును? ఫోనుతో సొమ్ము చెల్లించు సదుపాయము ఇప్పుడు చిన్న కొట్లలోను ఉన్నది గనుక రొక్కము లేదను సాకును చెల్లదు. ఆ కొట్టు మూతపడి, పట్టణపు గొలుసు అంగడియు సుభిక్షవలె ఒకనాడు మూతపడినచో, ఆషాఢమాసమున ఉప్పు అరువిచ్చువాడెవడు? పంట సొమ్ము వచ్చిననాడు పాత పద్దు తీర్చి, ఆ నెల సరుకులలో సగమైన ఊరి కొట్టున కొనుట దానధర్మము క్రిందికి రాదు. రాబోవు కరవు నెలలకు అది ముందుగా కట్టిన భీమా వంటిది.

చట్టమును గూర్చి కొద్దిగా. పొట్లముపై అచ్చువేసిన ధర గరిష్ఠ ధర. అంతకు తగ్గించి అమ్మవచ్చును, మించి అమ్మరాదు. తూనిక యంత్రములకును, రాళ్ళకును నిర్ణీత కాలమునకొకసారి ప్రభుత్వ ముద్ర వేయించవలెను. ఇది గొలుసు అంగడికిని, పచారీ కొట్టుకును సమానము. సరుకంతయు ఏరుకొనిన పిమ్మట, ముందుగా తెలుపక, గల్లా యొద్ద సంచికి వేరుగా వెల పుచ్చుకొనుట తప్పని జాతీయ వినియోగదారుల కమిషను 2020లో తీర్పు చెప్పినది. ఫిర్యాదు చేయదలచినవారు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

చేయదగిన పని యొకటి కలదు. అరువు పద్దు ఇప్పుడు వర్తకుని యొద్ద మాత్రమే ఉన్నది. బాకీ ఎంతయో అతడు చెప్పినదే లెక్క. ప్రతి కుటుంబమునకు ఒక చిన్న పుస్తకముండి, తీసికొన్న సరుకు, తూకము, ధర, తేదీ రెండు పుస్తకములలోను ఒకేమారు వ్రాయవలెను. నిజాయితీ గల వర్తకునికి దీనివలన లాభమే గాని నష్టము లేదు. “నేనంత తినలేదు” అను జగడములు తగ్గును. చదువు రాని ఇండ్లవారు తమ పుస్తకమును సాయంకాలము గ్రంథాలయమునకు తెచ్చినచో, అచ్చట పత్రికలు చదువుకొను విద్యార్థులు నెలకొకసారి కూడి చెప్పగలరు. నాలుగు పంక్తుల కూడికకు పావుగంటకన్న పట్టదు. రాబోవు ఖరీఫు అరువులు మొదలగు లోపలనే పుస్తకములు సిద్ధము చేసికొనుట మంచిది.