కారు రేడియేటరు, అందు పోయవలసిన ద్రవము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మగ్గముల మోత నడుమ మోటారు కారును గూర్చి ప్రసంగమేమిటని కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నించిరి. సబబైన ప్రశ్నయే. కాని నేడు మన భివండిలో, పద్మానగరునందైనను కామత్‌ఘరునందైనను, కారో టెంపోయో నిలువని సందు అరుదు. బీములను, తానులను మోయు బండి ఆగినచో మగ్గమునకు పనియు ఆగును. వేసవిలో పిల్లలతో, వృద్ధులతో మాల్షేజ్ ఘాటునెక్కి, నేడు అహిల్యానగరమనబడు అహమద్‌నగరమును, నాందేడును దాటి నిర్మల్ వైపు స్వగ్రామములకు పోవు కుటుంబములును మనలో కలవు. ఘాటు సగమెక్కిన పిదప ఉష్ణమాపకపు సూది ఎర్రగీటును తాకినచో కలుగు అవస్థ అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. ఆ సూదిని లక్ష్యపెట్టక బండిని లాగించినచో ఇంజను తలభాగము వంకరపోవును. అప్పుడగు ఖర్చు ముందు కొత్త రేడియేటరు ధర స్వల్పము.

రేడియేటరు కారుచున్నదని తెలియుట కష్టము కాదు. ప్రక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో మట్టము వారమువారము తరుగును. క్రింద రంగు తడి కనబడును. తియ్యని వాసన వచ్చును. ఎ.సి. నడచునపుడు రాలు బొట్లకు రంగును లేదు, వాసనయు లేదు. వానిని చూచి భయపడనక్కరలేదు. బయట తడి లేకయే మట్టము తరుగుచు, సైలెన్సరు నుండి తెల్లని పొగ విడువక వచ్చుచున్నచో దోషము ఇంజనులోని గాస్కెట్టుది కావచ్చును. అట్టి యెడ రేడియేటరు మార్చి ప్రయోజనము లేదు. కావున డబ్బు చెల్లించుటకు ముందు, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి పరీక్షింపుమని మెకానిక్కును అడుగవలెను.

చిల్లు పడిన రేడియేటరులో పసుపు వేయుట మన డ్రైవర్లెరిగిన పాత చిట్కా. దగ్గరి ఊరు చేరుటకు అది పనికివచ్చునేమో గాని, ఆ పసుపే సన్నని గొట్టములలో చేరి నీటి దారిని మూయును. పూర్వపు రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకము వేసి బాగుచేయు నేర్పరులుండెడివారు. నేటి వానిలో నడిమి భాగము అల్యూమినియము, ప్రక్క తొట్లు ప్లాస్టిక్కు, రెంటి నడుమ రబ్బరు పట్టీ. సాధారణముగా కారునది ఆ అతుకు వద్దనే. అచట టంకము నిలువదు, మార్చుటయే మేలు.

ఇక అందు పోయవలసిన ద్రవము మాట. "మన ఊర నీరు గడ్డకట్టదు గదా, కూలెంటు ఎందుకు? బోరునీరు చాలదా?" అందురు. సైజింగు కార్ఖానా బాయిలరులో బోరునీరు ఉన్నదున్నట్లు పెట్టుమనినచో ఏ యజమానియైన ఒప్పుకొనునా? అచట పట్టు సున్నపు పొక్కే ఇచటను పట్టును. పైగా వట్టి నీరు అల్యూమినియమును, ఇనుమును తినివేయును. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు మంచును ఆపుటయే గాక, మరుగు స్థానమునుగూడ పెంచును. సగము గ్లైకాలు, సగము నీరు కలిసిన ద్రవము సుమారు 107 డిగ్రీల వద్ద గాని మరుగదు; మూత నిలుపు ఒత్తిడి వలన అది 120 డిగ్రీలను మించును. మన ఎండలకు అంతకన్నను ముఖ్యమైనవి అందలి తుప్పు నిరోధకములు. అట్లని నీరు కలుపక గాఢద్రవమునే నింపుటయు తప్పే, ఏలయన వేడిని మోయుటలో నీరే గట్టిది.

ఏ కూలెంటు? పచ్చనిదా, ఎర్రనిదా? ఈ ప్రశ్నయే మమ్ము ఈ ప్రసంగమునకు పురికొల్పినది. నూలు రంగును చూచి దాని నంబరును చెప్పగలమా? ఇదియు అంతియే. రంగు తయారీదారు ఇష్టము. జపాను కంపెనీలు సాధారణముగా ఫాస్ఫేటు కలిపి సిలికేటును మానుదురు. ఐరోపా కంపెనీలు సిలికేటును కలిపి ఫాస్ఫేటును మానుట పరిపాటి. రెండు జాతులను కలిపినచో నిరోధకముల బలము తగ్గును, ఒక్కొక్కప్పుడు జిగురువంటి మడ్డియు ఏర్పడును. కావున బండితో వచ్చిన పుస్తకములోని ప్రమాణము పేరును కాగితముపై వ్రాసికొని పోయి, డబ్బాపై అదే పేరు ఉన్నదో లేదో చూచి కొనవలెను.

ఇచట ఒక లెక్క కలదు. గారేజిలో దీనిని పట్టించుకొనువారు తక్కువ. వ్యవస్థ మొత్తము 5 లీటర్లు పట్టుననుకొందము. కడిగిన పిదప ఇంజను కడుపులో 2 లీటర్ల నీరు మిగిలినది. సిద్ధమిశ్రమమును 3 లీటర్లు పోసినచో అందు గ్లైకాలు ఒకటిన్నర లీటరే. అనగా నూటికి 50 పాళ్లు కావలసినచోట 30 మాత్రమే. అట్టి సమయమున గాఢద్రవమును ముందుగా రెండున్నర లీటర్లు పోసి, తక్కినది డిస్టిల్డు వాటరుతో నింపవలెను. చివరి కడుగుటకును ఆ నీటినే వాడుట మంచిది.

మార్పు పని మెకానిక్కుదే అయినను దగ్గర నిలిచి చూడుడు. ఇంజను పూర్తిగా చల్లారినదాక మూతను తాకరాదు. వేడిగా విప్పినచో లోని ద్రవము ఒక్కసారిగా మరిగి ముఖముపైకి చిమ్మును. ఫ్యాను తీగను విడదీయవలెను. కొన్ని బండ్లలో ఇంజను ఆగియున్నను అది తిరుగును. గట్టిపడిన రబ్బరు గొట్టములను, పాత మూతను ఆ పూటనే మార్పించుడు. నింపిన పిదప లోని గాలి పోవువరకు, ఫ్యాను రెండు పర్యాయములు తిరిగి ఆగువరకు ఇంజనును నడిపి, చల్లారిన తరువాత మట్టమును మరల చూడవలెను.

తల్లులు ప్రత్యేకముగా వినవలసిన మాటయొకటి. ఈ ద్రవము తియ్యగా నుండును, విషము. మూత్రపిండములను చెరచి ప్రాణము తీయగలదు. తీసిన పాత ద్రవమును వాకిట పళ్లెములోనో, మంచినీళ్ల సీసాలోనో ఉంచరాదు, మురికికాలువలో పోయరాదు. బిగువైన మూతగల డబ్బాలో పట్టి, పైన పేరు వ్రాసి, గారేజివారికే అప్పగింపవలెను. బిడ్డ ఒక్క గుక్క త్రాగినదని అనుమానము కలిగినను, పైకి బాగుగానే యున్నదని ఆగక, ఆ డబ్బాతో సహా తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.